ముద్దు ముఖం – మూసుకున్న ముక్కు

ఎండాకాలం సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి రోజున మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు, ఆ రోజు నోరు విప్పటానికి కాసేపు పట్టింది.

“మాస్టారూ, మా బంటి చచ్చిపోయిందండీ.”

బంటి వాళ్ళ కుక్క. పగ్ జాతి. చప్పిడి ముఖం, గుండ్రటి కళ్ళు, నుదుటి మీద ముడతలు, చుట్ట తిరిగిన తోక. మీరూ చూసే ఉంటారు. మే నెలలో ఒకనాడు సాయంత్రం నాలుగింటికి, ఎండ ఇంకా తగ్గకముందే, వీడు దాన్ని వీధిలోకి తీసుకెళ్ళి బంతి ఆట ఆడించాడు. పావుగంటకల్లా అది గురగురలాడుతూ పడిపోయింది. పశువుల డాక్టరు దగ్గరికి చేరేలోగానే ప్రాణం పోయింది.

“వడదెబ్బ అన్నారండీ. కాని మాస్టారూ, మా వీధి కుక్క కూడా మాతోపాటే పరుగెత్తింది. అది కాసేపు నాలుక బయటపెట్టి రొప్పి, పంపు దగ్గర తడి నేల మీద పడుకుని లేచిపోయింది. దానికేమీ కాలేదు. మా బంటికే ఎందుకయింది?”

మంచి ప్రశ్న. వీధి ఒకటే, ఎండ ఒకటే, ఆట ఒకటే. తేడా ఎక్కడుంది? జవాబు ఆ కుక్క ముక్కులో ఉంది. ఆ ముక్కు అలా ఎందుకు తయారయిందో తెలుసుకోవాలంటే మాత్రం మనుషుల సంగతి కూడా కాస్త మాట్లాడుకోవాలి.

కుక్క దగ్గరున్న కుండ

ఎండాకాలంలో మట్టికుండలో నీళ్ళు చల్లగా ఎందుకుంటాయో మీకు తెలుసు. కుండ గోడల్లోంచి నీరు చెమ్మగా బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది కుండలో మిగిలిన నీళ్ళనుంచి లాక్కుంటుంది. అంచేత నీళ్ళు చల్లబడతాయి. మనకు చెమట పట్టినప్పుడు జరిగేదీ ఇదే. మన ఒళ్ళంతా ఒక మట్టికుండ అన్నమాట.

మరి కుక్కకో? దానికి ఒంటినిండా బొచ్చు. చెమట పట్టేది ముఖ్యంగా పాదాల కింది మెత్తల దగ్గరే. అది ఏపాటికి సరిపోతుంది? అందుకే కుక్క తన కుండను ముక్కులోనూ, నోటిలోనూ పెట్టుకుంది. మామూలుగా నిమిషానికి 20, 30 సార్లు ఊపిరి తీసే కుక్క, వేడెక్కినప్పుడు నిమిషానికి 200 సార్లకు మించి రొప్పుతుంది. ముక్కు లోపలి తడి మీదుగా, నాలుక మీదుగా గాలి వేగంగా పోతుంది. తడి ఆవిరవుతుంది. అక్కడి రక్తం చల్లబడి ఒళ్ళంతా తిరుగుతుంది.

కుక్క ముక్కు లోపల పలచటి ఎముకలు కాగితం చుట్టల్లాగా మడతలు మడతలుగా ఉంటాయి. వాటిమీద ఎప్పుడూ తడిగా ఉండే పొర ఒకటి. చిన్న చోటులోనే ఎంతో వైశాల్యం ఇమిడేటట్లు ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. మూతి పొడవుగా ఉంటే ఈ చుట్టలకు చోటుంటుంది, గాలి పోవటానికి దారీ ఉంటుంది.

ఇప్పుడు ఆ మూతిని లోపలికి నొక్కేశారనుకోండి. ఏమవుతుంది?

చిన్న పెట్టెలో పెద్ద పెట్టె సామాను

పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచి బుల్‌డాగ్, పెకినీస్ వంటి జాతుల్లో ముఖం ఎముకలు పొట్టిగానే ఆగిపోతాయి. కాని ఎముకలు పొట్టివయినంత మాత్రాన వాటి లోపలి మెత్తటి భాగాలు అదే లెక్కన తగ్గవు. ప్రయాణానికి పెద్ద పెట్టెలో సర్దిన బట్టలన్నీ చిన్న పెట్టెలో కుక్కితే ఎలా ఉంటుందో, ఈ కుక్కల తలలోపల అలా ఉంటుంది.

ముందుగా ముక్కు రంధ్రాలు. అవి గుండ్రంగా ఉండవలసింది పోయి సన్నటి చీలికల్లాగా ఉంటాయి. వాటి వెనక ఇందాక చెప్పుకున్న ఎముక చుట్టలు. చోటు చాలక అవి గాలి పోయే దారిలోకే పెరుగుతాయి. ఇంకా వెనక అంగిలి చివర మెత్తటి భాగం, అంటే మృదుతాలువు. అది ఉండవలసిన దానికన్నా పొడవుగా, దళసరిగా ఉండి గొంతులోకి వేలాడుతూ శ్వాసనాళం ముఖద్వారానికి అడ్డం పడుతుంది. బుల్‌డాగుల్లో శ్వాసనాళమే సన్నగా ఉండటం కూడా కద్దు.

పగ్ నిద్రపోతూ గురక పెడితే ఇంట్లో అందరూ చుట్టూ చేరి నవ్వుతారు. మనిషి గురక పెట్టినట్టే పెడుతోందని మురిసిపోతారు. అది ఆ జంతువు గాలికోసం పడే పాటు అని చాలామందికి తెలియదు.

దారి కొంచెం ఇరుకయితే మాత్రం అంత కష్టమా అని మీరు అడగవచ్చు. ఇక్కడే భౌతికశాస్త్రం ఒక గట్టి సంగతి చెబుతుంది. గొట్టంలో గాలి ఒడిదుడుకులు లేకుండా పోతున్నప్పుడు, గొట్టం అడ్డుకొలత సగమయితే, అంతే గాలిని పంపటానికి కావలసిన ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలూ కాదు, 16 రెట్లు! కనుక ఒక మిల్లీమీటరు కూడా ఇక్కడ తక్కువ మాట కాదు.

కావాలంటే మీరే చూడండి. కూర్చుని, ముక్కు మూసుకుని, కొబ్బరి బొండాం తాగే లావుపాటి స్ట్రాతో అర నిమిషం ఊపిరి తీయండి. తరవాత సన్నటి స్ట్రాతో తీయండి. తేడా వెంటనే తెలుస్తుంది. ఇబ్బంది అనిపించిన మరుక్షణం స్ట్రా తీసెయ్యండి. ఉబ్బసం, ఆయాసం ఉన్నవాళ్ళు ఈ ప్రయోగం చేయవద్దు. మీరు స్ట్రా తీసెయ్యగలరు. పగ్ తీసెయ్యలేదు.

ఇప్పుడు బంటి సంగతి చూద్దాం. ఎండలో పరుగెత్తింది. ఒళ్ళు వేడెక్కింది. చల్లబడటానికి రొప్పటం మొదలుపెట్టింది. ఇరుకు దారిలోంచి గాలి లాగటానికి ఛాతీ కండరాలు మరింత కష్టపడాలి. కండరాలు కష్టపడితే వేడి పుడుతుంది. అంటే చల్లబడటానికి చేసే పనే వేడి పెంచుతోంది! పైగా అంత బలంగా లాగేసరికి గొంతులోని మెత్తటి భాగాలు వాచి, ఉన్న దారి కూడా పూడుకుపోతుంది. కుక్క మామూలు వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే ప్రాణాపాయమే. వీధి కుక్కకు పొడవాటి మూతి ఉంది, దాని కుండ పనిచేసింది. బంటి కుండ మూతపడింది.

ముక్కుతోనే పోయిందా?

పోలేదు. కుక్కకు 42 పళ్ళుంటాయి. పొడవు మూతి వేటకుక్కకీ 42, పగ్‌కీ లెక్క ప్రకారం 42. చోటు లేక అవి పక్కకు తిరిగి, ఒకదానిమీద ఒకటి ఎక్కి మొలుస్తాయి. కళ్ళు కూర్చునే గుంటలు లోతు తగ్గటంవల్ల గుడ్లు ముందుకు పొడుచుకువస్తాయి. మనం ‘ఎంత పెద్ద కళ్ళో!’ అంటాం. నిజానికి అవి పెద్దవయినందువల్ల కాదు, గుంట చాలనందువల్ల అలా కనిపిస్తాయి. గీత పడినా, దుమ్ము పడినా నల్లగుడ్డు పైపొర పుండు పడుతుంది. చర్మం కూడా అంతే. ముఖం పొట్టిదయింది గాని చర్మం తగ్గలేదు. ఆ మిగులు చర్మమే ముడతలు. ముడతల సందుల్లో తడి నిలిచి ఒరిసిపోతుంది.

2022లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజి శాస్త్రజ్ఞులు పగ్‌లను మిగతా కుక్కలతో పోల్చి ఒక నివేదిక ప్రకటించారు. ఇరుకు శ్వాసమార్గం జబ్బు పగ్‌లకు వచ్చే అవకాశం మిగతా వాటికన్నా సుమారు 54 రెట్లు ఎక్కువని అందులో తేలింది.

ఈ ముక్కును ఎవరు నొక్కారు?

ఎవరూ చేత్తో నొక్కలేదు. ఎంపిక చేసి నొక్కారు.

తోడేలు జాతి జంతువు మనిషికి మచ్చికయి కుక్కగా మారి కనీసం 15,000 ఏళ్ళయింది. ఆ కాలంలో చాలా భాగం మనిషి కుక్కను పనిని బట్టి ఎంచుకున్నాడు. గొర్రెలను మళ్ళించేది ఒకటి, ఇల్లు కాసేది ఒకటి, వేటలో పరుగెత్తేది ఒకటి. బాగా పనిచేసిన దాని పిల్లలను ఉంచుకున్నారు. పని చెయ్యలేనిది తనంతట తానే వెనకబడిపోయేది. పనే పరీక్ష.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఈ పద్ధతి మారింది. బుల్‌డాగునే తీసుకోండి. కట్టేసిన ఆబోతు మీదికి కుక్కలను ఉసిగొల్పే క్రూరమైన వినోదం అక్కడ ఒకటుండేది. ఆ కుక్కే బుల్‌డాగు. 1835లో చట్టం చేసి ఆ వినోదాన్ని నిషేధించారు. కుక్కకు పని పోయింది. 1859లో న్యూకాసిల్ పట్టణంలో కుక్కల ప్రదర్శన, పోటీ జరిగింది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్బు ఏర్పడింది. ఒక్కొక్క జాతి ఎలా కనిపించాలో కాగితం మీద రాశారు. తల పెద్దదిగా ఉండాలి, మూతి పొట్టిగా ఉండాలి, ఇలా అన్నమాట. న్యాయనిర్ణేత ముందు కుక్క పరుగెత్తి గెలవక్కరలేదు, కనిపించి గెలిస్తే చాలు.

తల పెద్దదయినకొద్దీ బహుమతులు. ఈ ఏడు గెలిచినదానికి పుట్టిన పిల్లల్లో ఇంకా పెద్ద తల ఉన్నది వచ్చే ఏడు గెలుస్తుంది. ఒక్కొక్క తరంలో మార్పు కంటికి ఆనదు. నూరేళ్ళకు చూస్తే ఏమయింది? పిల్ల తల పెద్దది, తల్లి కటివలయం ఇరుకుది. ఈనటమే కష్టమయింది. బ్రిటన్‌లో కుక్కల కాన్పులమీద జరిగిన పరిశీలన ఒకటి 2010లో వెలువడింది. బుల్‌డాగుల కాన్పుల్లో నూటికి 80కి పైగా ఆపరేషన్ చేస్తేనే జరుగుతున్నాయని అందులో తేలింది. డాక్టరు కత్తి లేకపోతే ఆ జాతి చాలావరకు రెండో తరం చూడదు.

పగ్ కథా అలాంటిదే. అది చైనా రాజాస్థానాల్లో పెరిగిన పాత జాతి. అక్కడినుంచి ఐరోపా చేరింది. హోగార్త్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1745లో తన బొమ్మ తానే గీసుకుంటూ పక్కన తన పగ్‌ను కూడా గీశాడు. ఆ చిత్రం ఇప్పటికీ లండన్‌లోని టేట్ చిత్రశాలలో ఉంది. ఆ కుక్కకు చక్కటి మూతి ఉంది! ఇప్పటి పగ్‌ను దాని పక్కన పెడితే ఇదీ అదీ ఒక జాతేనా అనిపిస్తుంది. అంటే ఈ చప్పిడి ముఖం పగ్‌కు మొదటినుంచీ ఇంత లేదు. మనుషులు పెంచుకుంటూ వచ్చారు.

మన దేశంలోనూ పగ్ మొదట అంతగా కనిపించేది కాదు. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట తిరిగే పగ్‌ను చూసి ఊరూరా దానికి గిరాకీ పెరిగింది. చల్లటి దేశంలోనే ఊపిరాడని ముక్కు మన మే నెల ఎండకు వచ్చి పడింది.

గుడ్డులో చిక్కిన పావురం

న్యూకాసిల్ ప్రదర్శన జరిగిన 1859లోనే చార్లెస్ డార్విన్ ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథాన్ని ప్రచురించాడు. ఎంపికవల్ల ప్రాణి రూపం ఎలా మారుతుందో తెలుసుకోవటానికి ఆయన స్వయంగా పావురాలు పెంచాడు. లండన్‌లోని పావురాల పెంపకందార్ల సంఘాల్లో చేరాడు. గాలిలో పల్టీలు కొట్టే టంబ్లర్ జాతి పావురాల్లో ముక్కు పొట్టిగా ఉన్నవాటిని జనం మోజుపడి పెంచేవారు. ముక్కు మరీ పొట్టిదయ్యేసరికి పిల్ల లోపలినుంచి గుడ్డు పెంకు పగలగొట్టుకుని రాలేకపోయింది. అలాంటి పావురాల్లో మేలురకం వాటి పిల్లలు బయటికి వచ్చేవాటికన్నా గుడ్డులోనే చచ్చేవి ఎక్కువని, పెంచేవాళ్ళే పెంకు పగలదీసి సాయం చేస్తారని డార్విన్ రాశాడు. ప్రకృతిలో అయితే అలాంటి ముక్కు ఒక్క తరంతో ఆగిపోయేది. మనిషి సాయంతో అది బహుమతి తెచ్చే ముక్కయింది.

ఒకటి లాగితే ఇంకొకటి కదులుతుంది

‘కంటికి నచ్చిన ఒక్క లక్షణాన్నే ఎంచుకుందాం, మిగతావన్నీ అలాగే ఉంచుదాం’ అంటే కుదరదా? కుదరదు. జన్యువులు ఒక్కొక్క పనికి ఒక్కొక్కటిగా విడివిడిగా ఉండవు. ఒక జన్యువు అనేక చోట్ల పనిచేస్తుంది.

డాక్స్‌హుండ్ అనే పొట్టికాళ్ళ కుక్కను చూడండి. దాని కాళ్ళు అలా పొట్టివి కావటానికి ఎఫ్.జి.ఎఫ్.4 అనే జన్యువు నకలు ఒకటి అదనంగా ఉండటం కారణమని 2009లో కనిపెట్టారు. అదే జన్యువు మరో నకలు ఇంకో క్రోమోజోము మీద ఉందని 2017లో తేలింది. ఆ నకలు కాళ్ళ ఎముకలను కురచ చెయ్యటమే కాదు, వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలను చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. బిళ్ళ చిట్లి వెన్నుపామును నొక్కితే వెనక కాళ్ళు పడిపోతాయి.

పిల్లుల్లో స్కాటిష్ ఫోల్డ్ అని ఒక జాతి ఉంది. 1961లో స్కాట్లండులోని ఒక పొలంలో కనిపించిన పిల్లి సంతతి అది. చెవులు ముందుకు మడుచుకుని గుడ్లగూబ ముఖంలాగా ఉంటుంది. చెవి ఎందుకు మడుచుకుంది? మృదులాస్థిలో లోపం వల్ల. మృదులాస్థి చెవిలోనే ఉందా? కీళ్ళన్నిటిలోనూ ఉంది. కనుక చెవి మడత వచ్చిన పిల్లికి కీళ్ళ జబ్బు కూడా వస్తుంది. మనకు చెవి కనిపిస్తుంది, కీలు నొప్పి కనిపించదు.

దీనికి తోడు ఇంకొక చిక్కు. అనుకున్న రూపం త్వరగా రావాలని దగ్గరి చుట్టరికం ఉన్న జంతువులనే మళ్ళీ మళ్ళీ కలుపుతారు. అప్పుడు మరుగున ఉన్న చెడ్డ జన్యువులు రెండు వైపులనుంచీ వచ్చి జత కలుస్తాయి. జబ్బులు పైకి తేలతాయి.

ఎంపిక అంటేనే చెడ్డదని దీని అర్థం కాదు. మన ఒంగోలు గిత్త కూడా ఎంపికతో వచ్చినదే. దాని అందానికి ఎవరయినా ఆగి చూడవలసిందే. కాని సంతలో ఎద్దును కొనే రైతు ఏం చేస్తాడు? పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఎంత మూపురమున్నా కుంటే ఎద్దుకు రూపాయి ఎక్కువ ఇవ్వడు. ఆ పశువులు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఓడలమీద బ్రెజిల్ వెళ్ళాయి. నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అనిపించుకుని అక్కడి ఎండను తట్టుకుని మందలు మందలుగా పెరిగాయి. చూపుకు ఎంచినా పనితో పరీక్షించారు. కిటుకు అదే.

దారి వెనక్కి తిరుగుతుందా?

తిరుగుతుంది. ఎంపికతో పోయినది ఎంపికతోనే తిరిగి వస్తుంది. నెదర్లాండ్స్‌లో 2019లో ఒక కొలత పెట్టారు. మూతి పొడవును కపాలం పొడవుతో భాగిస్తే 0.3 కన్నా తక్కువ వచ్చే కుక్కను పిల్లలకోసం కలపకూడదు. బ్రిటన్‌లో అదే ఏడాది కెన్నెల్ క్లబ్బు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కలిసి ఒక పరీక్ష తెచ్చాయి. కుక్కను మూడు నిమిషాలు వేగంగా నడిపించి, ముందూ తరవాతా డాక్టరు దాని ఊపిరి చప్పుడు వింటాడు. చూశారా! పని పరీక్ష మళ్ళీ వచ్చింది. నార్వేలో ఈ గొడవ కోర్టుకెక్కింది. కావలియర్ అనే స్పానియల్ జాతిలో పుర్రె చిన్నదయి మెదడుకు చోటు చాలటం లేదు. ఆ జాతి కుక్కలను ఇప్పటి పద్ధతిలో పెంచటం చట్టవిరుద్ధమని 2023లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇంట్లో ఇప్పటికే పగ్ ఉన్నవాళ్ళు దాన్ని ప్రేమగానే చూసుకోండి. తప్పు దానిది కాదు. ఎండ వేళ తిప్పకండి, లావెక్కనివ్వకండి, మెడకు పట్టీ కాక ఛాతీకి పట్టీ వెయ్యండి. ఆయాసంతో పడిపోతే వెంటనే నీడకు తెచ్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి, విసరండి. నోట్లో మాత్రం నీళ్ళు పొయ్యకండి. ముందు చల్లబరిచి, ఆ తరవాతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇదంతా విన్నాక మావాడు నెమ్మదిగా అడిగాడు. “అయితే మాస్టారూ, తప్పు నాదేనాండీ?”

“ఆ ఎండలో ఆడించటం పొరపాటేరా. అది నీకు తెలియక జరిగింది. కాని మామూలు కుక్క తట్టుకునే పావుగంట ఆటను నీ కుక్క తట్టుకోలేకపోయిందంటే, అది ఎన్నో ఏళ్ళుగా పొట్టి ముక్కునే ఏరుకున్న చేతుల తప్పు. ఆ చేతులు ఏరినవి ఎందుకు? కొనేవాళ్ళు అవే అడిగారు గనక. రేపు నువ్వు కొనేవాడివి. ఏమడుగుతావో ఆలోచించుకో” అన్నాను.

మీరూ ఆలోచించండి. కొన్నా, ఊరికే తెచ్చుకున్నా, కుక్కపిల్లను చేతిలోకి తీసుకోగానే మనసు ‘ఎంత ముద్దుగా ఉందో’ అంటుంది. అననివ్వండి. ఆ వెంటనే మూడు ప్రశ్నలు అడగండి. నోరు మూసుకుని హాయిగా ఊపిరి తీయగలదా? కాసేపు పరుగెత్తి త్వరగా తేరుకోగలదా? దీని తల్లి తనంతట తాను ఈనిందా?

మీరే కొలిచి చూడండి

పక్కనుంచి తీసిన కుక్కల ఫోటోలు నాలుగయిదు జాతులవి సేకరించండి. మన వీధి కుక్క ఫోటో తప్పకుండా ఉండాలి. స్కేలుతో ముక్కు కొసనుంచి రెండు కళ్ళ మధ్య నుదురు మొదలయ్యే చోటు దాకా కొలవండి. ఇది మూతి పొడవు. అక్కడినుంచి తల వెనక ఎముక దాకా కొలవండి. ఇది కపాలం పొడవు. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఫోటోలో కొలత అంత కచ్చితంగా రాదు గాని తేడా బాగా తెలుస్తుంది. 2015లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఇరుకు శ్వాసమార్గం జబ్బు ఈ లెక్క 0.5 కన్నా తక్కువ వచ్చిన కుక్కల్లోనే కనిపించింది. మీ వీధి కుక్కకు ఎంత వచ్చిందో, పగ్‌కు ఎంత వచ్చిందో పక్కపక్కన రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.